కావేరి కరెంటు, కోలారు బంగారం

హొయసళ రాజుల శాసనాలు తిరగేసేవారికి ఒక పొడుగాటి బిరుదు పదేపదే తగులుతుంది. తలకాడు, కొంగు, నంగలి, గంగవాడి, నొళంబవాడి, బనవాసి, హానుంగల్లు, వీటన్నిటినీ గెలుచుకున్నవాడు అని దాని అర్థం. 12వ శతాబ్దం మొదట్లో విష్ణువర్ధనుడు చోళులను తలకాడు నుంచి తరిమేసిన తరువాత ఆ వంశానికి అతుక్కుపోయిన బిరుదు అది. ఆయన రాజ్యానికి తూర్పు ఎల్ల మా నంగలి కనుమ. మా తాలూకా కేంద్రం ముళబాగిలు పేరుకే తూర్పు వాకిలి అని అర్థం చెబుతారు. ఆ వాకిలి దాటాక వచ్చే గడప నంగలి. బెంగళూరు నుంచి మద్రాసు పోయే రోడ్డు మీద ఇక్కడ కర్ణాటకం అయిపోయి చిత్తూరు జిల్లా మొదలవుతుంది. లారీ డ్రైవర్లకు చెక్‌పోస్టు ఊరుగానే తెలుసు. రాజులు మారారు, భాష మాత్రం గడపకు అటూ ఇటూ తెలుగే.

ఆ బిరుదులో తలకాడు, నంగలి దగ్గరదగ్గరగా ఉండటం నాకు ఎప్పుడూ వింతగా తోచేది. ఒకటి కావేరి గట్టున ఇసుకలో కూరుకుపోయిన ఊరు, ఇంకొకటి నదే లేని మెట్ట సీమ. అయితే తలకాడుకు కొంచెం దిగువన, శివసముద్రం జలపాతం దగ్గర, 1902లో ఒక తీగ బయలుదేరి 92 మైళ్లు నడిచి మా జిల్లాకు వచ్చింది. మా ఊరికి నైరుతి మూలనున్న బంగారు గనుల దాకా వచ్చి ఆగింది. ఆ తీగ వెనకాల జరిగిన బేరసారాల గురించే ఈ వ్యాసం.

గ్యాసు అమ్ముకునే దేశాలూ, వాటి పక్కనున్న బలమైన దేశాలూ ఎలా బేరాలాడుకుంటాయో ఈ కాలంలో పేపర్లు రోజూ రాస్తున్నాయి. తుర్క్‌మెనిస్తాన్ సంగతే చూడండి. భూమిలో అపారమైన గ్యాసు ఉంది, పెద్ద పైపులన్నీ మాత్రం సోవియట్ కాలంలో రష్యా వైపు వేసినవి. 2009 ఏప్రిల్‌లో ఆ పైపు పేలింది. తప్పు మీదంటే మీదని ఇద్దరూ అనుకున్నారు. రష్యా కొనుగోళ్లు నెలల తరబడి ఆగిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో చైనాకు పైపు తెరుచుకుంది. రష్యా చేతిలోంచి తప్పించుకున్న దేశం కొన్నేళ్లకు చైనా ఒక్కదాని కొనుగోలు మీదే బతకవలసి వచ్చింది. వనరు ఎవరి భూమిలో ఉందన్నదాని కంటే, దాన్ని మోసుకుపోయే దారి ఎటు పోతోంది, ఆ చివర కొనేవాడెవడు అన్నవే బేరాన్ని నడిపిస్తాయి. నూరేళ్లకు పైగా వెనక, గ్యాసు అన్న మాట తెలియని మైసూరు సంస్థానం ఈ చిక్కునే ఎదుర్కొంది. అమ్మిన సరుకు నీటి బలం. పొరుగున ఉన్నది మద్రాసు రాజధాని.

ముందు బంగారం సంగతి. 1799లో టిప్పు పడిపోయాక, తిరిగి ఒడెయర్లకిచ్చిన మైసూరుకు హద్దులు గీయవలసి వచ్చింది. తూర్పు హద్దు కొలిచే పని మీద 1802లో జాన్ వారెన్ అనే లెఫ్టినెంటు మా సీమకు వచ్చాడు. ఊరిగాం, మారికుప్పం దగ్గర జనం మట్టి కడిగి బంగారు రజను తీస్తున్నారని విని, చూసి, రాసిపెట్టాడు. హద్దురాళ్లు పాతడానికి వచ్చినవాడి చేతనే గనుల మాట బయటపడటం గమనించదగ్గది. అసలు గనుల పని మొదలు కావడానికి ఇంకా డెబ్బై ఏళ్లు పట్టింది. లావెల్ అనే ఐరిష్ సిపాయి 1870లలో సర్కారు దగ్గర లైసెన్సు సంపాదించాడు, అది చేతులు మారింది, 1880లో లండన్‌లోని జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ రంగంలోకి దిగింది. 1880లు సగమయ్యేసరికి చాంపియన్ పొర దొరికింది. అక్కడి నుంచి వెనక్కి చూడలేదు. భూమి మైసూరుది, తవ్వకం లండన్ వాటాదార్లది, తీసిన బంగారం మీద నూటికి 5 వంతున రాయల్టీ మైసూరు ఖజానాకు. కూలీలలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు, తెలుగువారు. 1911 దాకా చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటు జిల్లాలోదేనని మరిచిపోకూడదు.

ఇక పొరుగు సంగతి. 1881లో ఇంగ్లీషువారు మైసూరును తిరిగి రాజుకు అప్పగించారు. అంతకుముందు యాభై ఏళ్లు వారి కమిషనర్లే పాలించారు కాబట్టి, చెరువు కట్టినా కాలువ తవ్వినా మద్రాసుతో తగువు వస్తే ఇంట్లో తగువులాగే తీరేది. అప్పగింత తరువాత అది రెండు సర్కార్ల తగువు అయింది. పైనున్న మైసూరు చెరువులు బాగుచేసుకుంటుంటే కిందనున్న మద్రాసు అనుమానపడింది. 1892 ఫిబ్రవరి 18న ఒక ఒడంబడిక రాసుకున్నారు. అందులో పేర్కొన్న 15 పెద్ద నదుల మీద మైసూరు కొత్తగా సేద్యపు జలాశయం కట్టాలంటే మద్రాసు సమ్మతి ముందుగా తీసుకోవాలి. ఆ నదుల పట్టిక మన పాఠకులు ఒక్కసారైనా చూడాలి. కావేరి, హేమావతి, కబిని, తుంగభద్ర సరే. పెన్నేరు, చిత్రావతి, పాపాఘ్ని, పాలారు, దక్షిణ పినాకిని కూడా ఉన్నాయి. ఈ చివరివన్నీ నంది కొండల చుట్టూ పుట్టి మా సీమ మీదుగా పోయే ఏళ్లే. ఏడాదిలో తొమ్మిది నెలలు ఇసుకే కనిపించే ఈ ఏళ్లకు కూడా కాగితం మీద కట్లు పడ్డాయి.

సమ్మతి ఇవ్వకపోతే తీర్పు చెప్పేది ఎవరు? హిందూదేశ సర్కారు. అదీ ఇంగ్లీషువారిదే, మద్రాసూ ఇంగ్లీషువారిదే. ఇటువంటి సభలో సంస్థానపు మాట ఎంత చెల్లుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ రోజుల్లో గనులు కట్టెల మీద, దూరం నుంచి తెచ్చిన బొగ్గు మీద నడిచేవి. మా సీమలో బొగ్గు లేదు, అడవి కొద్దిపాటిది. బౌరింగుపేట (ఇప్పటి బంగారుపేట) నుంచి మారికుప్పానికి 1894లో రైలుదారి పడ్డాక మోత సులువైంది గానీ ఖర్చు తగ్గలేదు. గని లోతుకు పోయేకొద్దీ రాయి పైకి తేవడానికి, నీళ్లు తోడటానికి, గాలి పంపడానికి ఇంకా ఇంకా బలం కావాలి. అటు మైసూరు దగ్గర శివసముద్రంలో కావేరి రెండు పాయలై నాలుగు వందల అడుగుల దాకా కిందికి దిగుతోంది, ఆ బలాన్ని వాడుకునే నాథుడు లేడు.

ఆ చోటు కూడా హద్దు మీదే ఉంది. శివసముద్రపు దీవి ఆనాడు మద్రాసు రాజధానిలో, కోయంబత్తూరు జిల్లా కొళ్ళేగాల తాలూకాలోది. ఎడమ గట్టు మాత్రం మైసూరుది. కరెంటు మిషన్లు పెట్టింది ఆ గట్టునే. కొళ్ళేగాలం మైసూరు రాష్ట్రంలో కలిసింది 1956లో.

జోలీ ద లోట్‌బినియేర్ అనే కెనడా ఇంజనీరు, సైన్యం నుంచి వచ్చి మైసూరు కొలువులో ఉన్నవాడు, ఈ పథకాన్ని భుజాన వేసుకున్నాడు. తరువాత కాశ్మీరులో జీలం మీద మొహోరా కరెంటు కేంద్రం పథకం కూడా ఈయనదే. యూరపు, అమెరికాలు తిరిగి చూసి వచ్చాడు. దివాను శేషాద్రి అయ్యరు అండగా నిలిచాడు. టర్బైన్లు స్విట్జర్లాండులోని ఎషర్ వీస్ కంపెనీవి, జనరేటర్లు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవి. కొనేవాడు ముందే ఖాయం, జాన్ టేలర్ కంపెనీ. ఖరీదు కట్టింది ఏడాదికి హార్సుపవరుకింత అని.

నాకు ముఖ్యమనిపించేది ఇక్కడ ఒకటుంది. 1892 కాగితమంతా సేద్యపు పనుల గురించి రాసింది. కరెంటు అన్న మాట అందులో లేదు, ఉండే వీలూ లేదు, రాసినవాళ్లకు అది తోచి ఉండదు. పైగా టర్బైను తిప్పిన నీళ్లు చుక్క తగ్గకుండా మళ్లీ ఏట్లోనే పడతాయి, తంజావూరు రైతుకు పోయేది పోతూనే ఉంటుంది. అంటే మద్రాసు కాపలా కాస్తున్న దారి పక్కనుంచే మైసూరుకు ఇంకో దారి దొరికింది. కావేరి నీటిని కోలారుకు తేవాలంటే అప్పట్లో ఎవరూ ఒప్పుకోరు, తేవడమూ అసాధ్యం. కావేరి బలాన్ని తేవడానికి అడ్డేమీ లేదు. దివాను దీన్ని ఇంత లెక్కగా చూశాడో లేదో గాని, కొనుగోలుదారును ఎంచుకున్న తీరు చూస్తే ఆ మనిషి తెలివి మీద నాకు గురి కుదురుతుంది. బెంగళూరు దీపాలకని మొదలుపెట్టి ఉంటే అది ఒక సంస్థానం సొంత సరదా అయ్యేది. లండన్ వాటాదార్ల గనికని మొదలుపెట్టడంతో ఇంగ్లీషువారి లాభమే మైసూరు వైపు వాదించసాగింది.

శేషాద్రి అయ్యరు 1901లో పోయాడు, కరెంటు చూడలేదు. 1902 జూన్ 30న శివసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది. ఒక్కొక్కటి 720 కిలోవాట్ల జనరేటర్లు ఆరు. మొదటి ఒప్పందం 4,000 హార్సుపవరుకు. ఇదే ఆసియాలో మొట్టమొదటి జలవిద్యుత్తు అని మనవాళ్లు సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. డార్జిలింగు దగ్గర సిద్రాపాంగులో 1897లోనే చిన్న కేంద్రం ఉంది. శివసముద్రం గొప్పదనం మొదటిది కావడంలో లేదు. 92 మైళ్ల దూరం అంత పై ఒత్తిడితో కరెంటు పంపడం ఆనాటికి ప్రపంచంలోనే కొద్దిచోట్ల జరిగిన పని. ఉన్న గొప్ప చాలు, లేనిది ఎందుకు?

బెంగళూరు వీధులకు 1905 ఆగస్టులో దీపాలు వచ్చాయి, మైసూరు నగరానికి 1908లో. అంటే రాజు ఊరి కంటే ఆరేళ్లు ముందే గనికి వెలుగు వచ్చింది. ఇక పల్లెల మాట ఎత్తనే అక్కర్లేదు. కనకపుర సీమ మీదుగా, కోలారు మెట్టల మీదుగా తీగ పోయింది, కింద కపిల బావుల్లో ఎడ్లు ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉన్నాయి. గనిలో వేల అడుగుల లోతు నుంచి నీళ్లు తోడే బలం, నలభై అడుగుల బావికి అందలేదు. మా అవ్వ రాత్రుళ్లు మిద్దె మీద పడుకుంటే నైరుతి మూల ఆకాశం ఎర్రగా కనపడేదని, అది గని దీపాల వెలుగని చెప్పేది. ఇంట్లో కిరసనాయిలు బుడ్డి. మా పక్క చాలా పల్లెలకు కరెంటు వచ్చింది స్వాతంత్ర్యం వచ్చిన ఎన్నో ఏళ్లకు.

అమ్మేవాడికి కష్టం వేసవిలో మొదలైంది. కావేరి వానాకాలంలో పొంగుతుంది, ఎండాకాలంలో సన్నబడుతుంది. గనికి మాత్రం పన్నెండు నెలలూ ఒకే తీరుగా బలం కావాలి. వేసవి లోటు తీర్చాలంటే పైన ఎక్కడో నీరు నిలవ చేయాలి. నిలవ అనేసరికి మళ్లీ మద్రాసు ఎదురుపడింది. కరెంటు నీటిని తాగకపోయినా ఆనకట్ట నీటిని ఆపుతుంది. ఎప్పుడు వదలాలో ఆపినవాడి ఇష్టం.

1909లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య కన్నంబాడి దగ్గర పెద్ద ఆనకట్టకు పథకం వేశాడు. నాటి కోలారు జిల్లా ముద్దేనహళ్లిలో పుట్టినవాడు, పూర్వీకులది కంభం, గిద్దలూరు పక్కనున్న మోక్షగుండం. తెలుగువాడని మనం మురిసిపోవడం మామూలే. నాకైతే ఆయన తెలుగుతనం కంటే లెక్కల తనం ఎక్కువ నచ్చుతుంది. అంత డబ్బు ఎక్కడిదని సొంత సర్కారులోనే అడ్డుచెప్పారు. ఆయన జవాబు గనుల కరెంటు. నిలకడగా కరెంటు ఇస్తే కంపెనీ ఇంకా కొంటుంది, ఆ రాబడే మొదటి దశ ఖర్చును మోస్తుంది, సేద్యం తరువాత వస్తుంది. మహారాజు 1911లో ఒప్పుకున్నాడు.

మైసూరు అడిగింది 41.5 టి.ఎం.సి. నిలవకు. అదే కాలంలో మద్రాసుకు మెట్టూరులో తన ఆనకట్ట కట్టుకోవాలని ఉంది, అందుకే ససేమిరా అంది. హిందూదేశ సర్కారు 11 టి.ఎం.సి.కి మాత్రం సెలవిచ్చింది. మైసూరువారు పునాదిని మాత్రం పెద్ద కట్టకు సరిపోయేంత వెడల్పుగా వేశారు. ఈ ఒక్క పునాదిలోనే రాయబారమంతా ఉంది. నోటితో చిన్నదే కడుతున్నామన్నారు, రాయి మాత్రం పెద్దదానికి పేర్చారు. తగువు మధ్యవర్తికి పోయింది. అలహాబాదు హైకోర్టు జడ్జి గ్రిఫిన్ 1914లో తీర్పు చెప్పాడు, అది చాలావరకు మైసూరుకు అనుకూలం. 1916లో హిందూదేశ సర్కారు దాన్ని ఖాయం చేసింది. మద్రాసు ఊరుకోక లండన్‌లోని స్టేట్ సెక్రటరీ దాకా పోయింది, ఆయన 1919లో దాన్ని కాదన్నాడు. మళ్లీ ఐదేళ్లు ఉత్తరాలు, లెక్కలు. చివరకు 1924లో, విచిత్రంగా అదే ఫిబ్రవరి 18న, కొత్త ఒడంబడిక. మైసూరుకు కన్నంబాడిలో 44.827 టి.ఎం.సి., మద్రాసుకు మెట్టూరులో 93.5 టి.ఎం.సి. యాభై ఏళ్ల తరువాత, అంటే 1974లో, కొన్ని షరతులు మళ్లీ చూసుకోవాలన్నారు. ఆ తరువాత కథ ట్రిబ్యునలు, 2007 తీర్పు, 2018 సుప్రీంకోర్టు తీర్పు దాకా పాఠకులు చూస్తూ వచ్చినదే.

మద్రాసును దుర్మార్గపు పొరుగుగా చూపడం ఇక్కడి చరిత్ర పుస్తకాలకు అలవాటు. నాకది సమ్మతం కాదు. కావేరి డెల్టా రైతు వందల ఏళ్లుగా ఆ నీటి రాకకు తగ్గట్టు నారు పోసుకుంటున్నాడు. పైవాడు జూన్‌లో నీరు ఆపి ఆగస్టులో వదిలితే మొత్తం తగ్గకపోయినా పంట పోతుంది. ఆ భయం నిజమైనదే. నా మాటల్లా, రెండు పక్కల న్యాయం ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడు, చిన్న సంస్థానం ఇన్నేళ్లు నిలబడగలిగింది గని వేసవి కరెంటు అన్న అండ ఉండబట్టేనని. నాలుగు ఎకరాలు ఎక్కువ తడుపుకుంటామంటే ఢిల్లీ, లండన్‌లలో ఎవరు వింటారు? బంగారం గని ఆగుతుందంటే వింటారు.

భూటాన్‌లో మన దేశం కట్టించిన చూఖా కేంద్రం ఈ కథకు తమ్ముడిలాంటిది. 336 మెగావాట్లు, 1980లలో పూర్తయింది, డబ్బు మన దేశానిది, అందులో 60 వంతులు దానం, 40 వంతులు అప్పు, మిగులు కరెంటు కొనేదీ మన దేశమే. చిన్న దేశం బాగుపడింది, కాదనలేం. అయితే డబ్బు పెట్టేవాడు, కట్టేవాడు, కొనేవాడు ఒక్కడే అయితే బేరానికి నోరు ఎంత లేస్తుంది? మైసూరు తన ఖజానా డబ్బుతో కట్టుకుంది, ఆ తేడా చిన్నది కాదు. ఆ కరెంటే తరువాత బెంగళూరు మిల్లులకు, పరిశ్రమలకు దారితీసింది. ఇంకా కొన్ని విడతల్లో శివసముద్రం 42 మెగావాట్లకు పెరిగింది.

కోలారుకు మిగిలిందేమిటి? 1956లో గనులను మైసూరు రాష్ట్ర సర్కారు తీసుకుంది, 1962లో కేంద్రం చేతికి పోయాయి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ కంపెనీ ఏర్పడింది, 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. అప్పటికి చాంపియన్ రీఫ్స్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు దిగి ఉంది. నూట ఇరవై ఏళ్లలో తీసిన బంగారం ఇంచుమించు 800 టన్నులంటారు. పంపులు ఆగాయి, షాఫ్టుల్లో నీళ్లు నిండాయి. ఏ నీటిని తోడటానికి కావేరి బలాన్ని అంత దూరం నుంచి తెచ్చారో ఆ నీరే గెలిచింది. పైన సయనైడు దిబ్బలు, గాలివీస్తే రేగే దుమ్ము, తెల్లారకముందే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయే జనం. కొనేవాడు లేచిపోతే అమ్మేవాడికి ఇంకో కొనుగోలుదారు దొరికాడు, బెంగళూరు ఉంది కదా. ఈ చివరనున్న ఊరికి ఇంకో గని దొరకలేదు.

1892 కాగితం మాత్రం చావలేదు. చిత్రావతి మీద బాగేపల్లి దగ్గర పరగోడులో కర్ణాటక చిన్న ఆనకట్ట తలపెట్టినప్పుడు, 2003 ప్రాంతంలో, అనంతపురం వైపు నుంచి పెద్ద గొడవ లేచింది. మద్రాసు వారసత్వంగా ఆంధ్రప్రదేశ్ ఆ కాగితాన్నే బయటికి తీసింది. మూడేళ్లు తిరక్కుండానే కుప్పం దగ్గర గణేశపురంలో పాలారు మీద ఆంధ్రప్రదేశ్ జలాశయం కడతానంటే, 2006లో తమిళనాడు అదే కాగితం పట్టుకుని సుప్రీంకోర్టుకు పోయింది. చిత్రావతి మీద అడ్డుచెప్పిన నోరే పాలారు మీద అడ్డు తీయమంది. బాగేపల్లి రైతుదీ తెలుగే, పుట్టపర్తి రైతుదీ తెలుగే. భాష ఒకటైనంత మాత్రాన నీటి దగ్గర ఎవరూ తగ్గరని సరిహద్దు తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు. పైవాడి తిట్లూ కిందివాడి తిట్లూ మనకు అనువాదం లేకుండానే అర్థమవుతాయి.

ఇక తాజా సంగతి. బెంగళూరు తాగే కావేరి నీళ్లను శివసముద్రం చుట్టుపక్కల నుంచే, తొరెకాడనహళ్లి పంపులతో వంద కిలోమీటర్ల దూరం ఎత్తి పోస్తున్నారు. మొదటి దశ 1974లో, సరిగ్గా ఒడంబడికకు యాభై ఏళ్లు నిండిన ఏటే, నగరానికి చేరింది. ఆ నీళ్లను నగరం వాడుకుని మురుగుగా వదిలితే, దాన్ని కోరమంగల–చల్లఘట్ట లోయలో శుద్ధిచేసి, మళ్లీ కరెంటు పంపులతోనే, 2018 జూన్ నుంచి కోలారు చెరువులకు తోలుతున్నారు. మొదట నిండింది లక్ష్మీసాగరం చెరువు. నురగ కనిపిస్తోందని, భూగర్భజలం చెడుతుందని కోర్టులకెక్కారు, కొన్నాళ్లు ఆపారు, మళ్లీ వదిలారు. ఎండిన బోర్లలో నీరు లేచిందని సంతోషించే రైతులూ ఉన్నారు, ఆ నీటిని నోట్లో పోసుకోమని చెప్పే ధైర్యం లేనివారూ ఉన్నారు. 1902లో కావేరి బలం వచ్చింది, నీరు రాలేదు. ఇప్పుడు నీరు వస్తోంది, బెంగళూరు వాడేసినది. ఆ చెరువులు అలుగు పారితే పాలారులోకి పోతాయి. పాలారు 1892 పట్టికలో ఉంది.